చెయ్యి ఆగిన చోటు

తెల్లారి ఆరింటికల్లా రామలింగం మగ్గం గుంటలోకి కాళ్ళు దించేవాడు. ముప్పై రెండేళ్ళుగా అదే గుంట, కాళ్ళకి అదే చల్లటి మట్టి. కూర్చోగానే ముందురోజు నేసిన బట్ట మీద అరచెయ్యి ఆనించి ఒకసారి నిమిరేవాడు. చేతికి ఏమీ తగలకూడదు. తగిలేది కాదు. అప్పుడు పోగుని అటూ ఇటూ మోసే నాడె అందుకునేవాడు.

ఆ షెడ్డు కంకిపాడుకి రెండు మైళ్ళ అవతల, కాలవ గట్టున ఉండేది. చేనేత సొసైటీ వాళ్ళది. పెంకుల కప్పు, పన్నెండు మగ్గాలు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు రాట్నాల ముందు కూర్చుని కండెలు చుట్టేవారు. మొదటి రాట్నం రామలింగం భార్య పద్మావతమ్మది. పన్నెండు మగ్గాలూ ఒక్కసారి ఆడుతుంటే అవతలి గట్టున పోయేవాడికి పెంకుల మీద వాన పడుతున్నట్టు వినపడేది. కొత్తవాళ్ళయితే గొడుగు తెరవబోయి ఆకాశం చూసి మళ్ళీ ముడుచుకునేవారు.

పది గంటలకి కాఫీ వచ్చేది. కాఫీ వెనకాలే కంకిపాడు దారిలో నల్లగొడుగు కనపడేది. గొడుగు కింద సువార్తమ్మగారు, ఆవిడ చంకలో పుస్తకం.

సువార్తమ్మగారు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నాలుగేళ్ళ కిందట ఒక దుప్పటి నేయించుకుందామని వచ్చి, నూలు అందలేదంటే కాసేపు కూర్చుని, ఊరికే ఉండలేక సంచీలోంచి పుస్తకం తీసింది. రెండో మగ్గం నాంచారయ్య ఊరుకునే రకం కాదు. "అమ్మగారూ, మీలో మీరే నవ్వుకుంటున్నారు. ఆ నవ్వేదేదో మాకూ వినపడేట్టు చదవండి," అన్నాడు. ఆవిడ చదివింది. మర్నాడు దుప్పటి పని లేకపోయినా వచ్చింది.

ఆవిడ తెచ్చేవన్నీ రష్యావాళ్ళ కథలూ నాటకాలూ, ఇంగ్లీషులోకి మార్చినవి. ఆ రోజుల్లో బెజవాడ ఏలూరు రోడ్డు నుంచి పుస్తకాల వ్యాను ఒకటి ఊళ్ళ మీదికి వచ్చేది. గట్టి అట్టలు, దళసరి కాగితం. కొత్త పుస్తకం తెరిస్తే జిగురూ కిరసనాయిలూ కలిసిన వాసన. కంకిపాడు సెంటర్లో వ్యాను ఆగిన రోజున సువార్తమ్మగారు కూరగాయల సంచీ ఖాళీగా ఇంటికి తీసుకెళ్ళేది కాదు, కానీ అందులో కూరగాయలు ఉండేవీ కావు.

చదివే పద్ధతి ఒకటి ఉండేది. ముందు రెండు వాక్యాలు ఇంగ్లీషులో చదవాలి, తరవాత తెలుగులో చెప్పాలి. నేరుగా తెలుగులో చెప్పేస్తానంటే నేతగాళ్ళు ఒప్పుకోలేదు. "ఆ ముక్క కూడా పడనివ్వండమ్మా. మాకు అర్థం కాకపోయినా నూలుకి అర్థమవుతుందేమో," అన్నాడు నాంచారయ్య. ఆ కథల్లో ప్రతివాడికీ బారెడు పేరు, పేరులోనే తండ్రి పేరు. చదువుకున్నవాళ్ళు ఆ పేర్లు చూసి పుస్తకం మూసేస్తారు గానీ షెడ్డులో అది అందరికీ మహా నచ్చింది. తండ్రి పేరు కలిపి పిలవడం మర్యాద కదా. మొదటి వారమంతా ఒకళ్ళనొకళ్ళు "వీరయ్య కొడుకు రామలింగంగారూ, కాస్త సున్నం ఇస్తారా" అని పిలుచుకున్నారు.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. మొదటి నెలలో సువార్తమ్మగారికి కాఫీ గాజుగ్లాసులో వచ్చేది. ఆ గ్లాసు విడిగా కిటికీలో ఉండేది. ఎందుకు విడిగా ఉందో ఆవిడకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఒకరోజు ఏదో కథ సగంలో పద్మావతమ్మ రాట్నం దగ్గర నుంచి లేచి, తను తాగే ఇత్తడి గ్లాసు కడిగి, అందులో కాఫీ పోసి ఆవిడ చేతికిచ్చింది. కిటికీలో గాజుగ్లాసు ఆ తరవాత ఎవరికీ కనపడలేదు. ఎవరూ వెతకనూ లేదు.

ఇక మంచు సంగతి. మొదటి చలికాలపు కథ చదివిన వారం నేసిన పంచెలు చల్లగా దిగాయి. ఎండలో ఆరేసినా చల్లగానే ఉన్నాయి. తరవాత వాన కథ చదివితే బట్టకి తడిమట్టి వాసన పట్టింది. పెళ్ళి కథ చదివినప్పుడు నేసిన తువ్వాలుతో తుడుచుకున్నవాడు పొద్దస్తమానం ఈలపాట పాడాడు. దీనికెవరూ వింతపడలేదు. నూలుకి గంజి పడుతుంది, రంగు పడుతుంది, షెడ్డులో ఎవడైనా చుట్ట కాలిస్తే ఆ కంపూ పడుతుంది. అన్నీ పట్టే నూలుకి కథ మాత్రం ఎందుకు పట్టదు? హనుమాన్ జంక్షన్ నుంచి లారీ డ్రైవర్లు వచ్చి "మంచు తువ్వాళ్ళు ఉన్నాయా, ఇంజను పక్కన కూర్చోలేక చస్తున్నాం" అని అడిగి పట్టుకెళ్ళేవారు. గన్నవరంలో ఒకాయన జ్వరం వచ్చినప్పుడల్లా మంచు పంచె కప్పుకుంటాడని చెప్పుకునేవారు. రష్యాలో కురిసిన మంచు ఇంగ్లీషులోకి వచ్చింది, ఇంగ్లీషులోంచి సువార్తమ్మగారి తెలుగులోకి వచ్చింది, తెలుగులోంచి తమ నూలులోకి వచ్చింది. ఈ నాలుగో మజిలీ గురించి ఏ పుస్తకం అట్ట మీదా రాయలేదు గానీ, షెడ్డులో వాళ్ళకి ఆ గర్వం ఉండేది. పుస్తకం ముగ్గురు చేస్తే కాలేదు, మనతో కలిపి నలుగురు చేస్తే అయింది అనుకునేవారు.

దాంతో ఒక ఆచారం ఏర్పడింది. కొత్త కథ మొదలయ్యే రోజున పన్నెండు మగ్గాల మీదా కొత్త చాపు మొదలుపెట్టాలి. చాపంటే రెండు పంచెల జత. చెయ్యి వడిగల వాళ్ళు నెమ్మదించేవారు, నెమ్మదైన వాళ్ళు పరుగెత్తేవారు. కథా చాపూ కలిసి నడవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

డెబ్బై నాలుగో సంవత్సరం, ఏప్రిల్ నెల. ఈస్టరుకి ముందు వారం. సోమవారం నాడు సువార్తమ్మగారు కొత్త కథ మొదలుపెట్టింది. ఒక ముసలాయన ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేస్తుంటాడు.

"పియానో అంటే హార్మణీ పెట్టె లాంటిదా అండీ?" అన్నాడు నాంచారయ్య.

"బయటికి అలాగే ఉంటుంది. లోపల మాత్రం తీగలు. వందల తీగలు, పక్కపక్కనే, బిగించి కట్టి ఉంటాయి."

"అంటే మగ్గం మీద పడుగు," అన్నాడు రామలింగం.

"అవును, పడుగే," అంది సువార్తమ్మగారు. ఇంతమంది పిల్లలకి పాఠం చెప్పినా ఆవిడకి ఆ మాట తట్టలేదు. అప్పటి నుంచి ఆ ముసలాయన షెడ్డులో మనిషైపోయాడు. తీగ వదులైతే ఎలా తెలుస్తుందో, ఎక్కువ బిగిస్తే ఏమవుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ముసలాయన్ని ఒక జమీందారిణి రమ్మని శరదృతువులో కబురు పెడుతుంది. కూతురి పుట్టినరోజుకి పియానో శ్రుతి చేయాలి. చెరువు గడ్డకట్టాక గానీ దారి పడదు. ఆయన దగ్గుతో, చిరిగిన కోటుతో, జారుడు బండి మీద రెండు రోజులు మంచులో ప్రయాణం చేసి వెళ్తాడు. బుధవారం నాటికి ఆ ఇల్లు చేరాడు. తలుపు తీసింది తల్లి. కూతురు ఆకురాలే కాలంలోనే పోయింది. రావద్దని ఈయనకి కబురు పెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన టోపీ చేతిలో పట్టుకుని వెనక్కి తిరగబోతే ఆవిడ అంటుంది: "వచ్చారు కదా. శ్రుతి చేసి వెళ్ళండి."

సువార్తమ్మగారు ఆ మాట తెలుగులో చెప్పి ఊరుకుంది. షెడ్డులో వాన ఆగిపోయింది. పన్నెండు నాడెలూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కాలవలో బాతులు అరవడం వినపడింది. కాసేపయ్యాక ఎవరో దగ్గారు, రామలింగం నాడె విసిరాడు, మళ్ళీ వాన మొదలైంది.

భోజనానికి ఆగేటప్పుడు నేతగాడు చూసుకుని ఆగుతాడు, మొదలుపెట్టేటప్పుడు చూసుకుని మొదలుపెడతాడు. ఉన్నపళంగా ఆగిపోతే మాత్రం మళ్ళీ మొదలైన చోట బట్టకి అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కంటికి ఆనీ ఆననట్టుంటుంది. ఆ గీత పన్నెండు చాపుల్లోనూ పడింది, జానెడు అటూ ఇటూగా ఒకే చోట.

గురువారం నుంచి ఈస్టరు వెళ్ళిన మంగళవారం దాకా సువార్తమ్మగారు చర్చి పనుల్లో ఉండి రాలేదు. కథ చివరి ముక్క మిగిలిపోయింది. చాపులు అయిపోయాయి, కోసి, మడతపెట్టి, బెజవాడ వన్ టౌన్‌లో సాంబమూర్తిగారి బట్టల కొట్టుకి పంపించారు. ఈస్టరు వెళ్ళిన బుధవారం మూట వెనక్కి వచ్చింది.

మూటతోపాటు సొసైటీ ప్రెసిడెంటు బసవపున్నయ్య కూడా సైకిలు మీద వచ్చాడు. ఆయనా నేతగాడి కొడుకే. మూట విప్పి, ఒక పంచె వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వేలితో గీత చూపించాడు.

"చలి బాగుందట. చలితో వాళ్ళకి పేచీ లేదు. గీతతోనే పేచీ," అన్నాడు. "పన్నెండు చాపులూ వాపసు అని రాశారు. ఇంకోసారి ఇలా వస్తే మన సరుకు ఆ కొట్టు గుమ్మం ఎక్కదు."

నాంచారయ్య లెక్కపెట్టాడు. "పదకొండే ఉన్నాయి."

ఎవరి బట్టకి వాళ్ళు అంచున రంగునూలుతో ముడి వేసుకుంటారు. అందరి ముడులూ ఉన్నాయి. రామలింగం ఆకుపచ్చ ముడి లేదు.

"నీది బాగుందని ఉంచేసుకున్నారేమో బావా," అన్నాడు నాంచారయ్య. ఒక్క క్షణం ఆగి, "లేకపోతే కౌంటరు తుడుచుకోడానికి ఉంచుకున్నారేమో," అన్నాడు.

అందరూ నవ్వారు. రామలింగం నవ్వలేదు. ముప్పై రెండేళ్ళలో ఆకుపచ్చ ముడి ఉన్న గుడ్డ వెనక్కి రాలేదు. ఇప్పుడూ రాలేదు గానీ, వాపసు జాబితాలో ఉంది. వెనక్కి రాకపోవడం ఇంకా అధ్వాన్నంగా అనిపించింది. ఎక్కడుందో, ఎవరు దేనికి వాడుతున్నారో.

"నేను చదువు ఆపమనను," అన్నాడు బసవపున్నయ్య, సువార్తమ్మగారి వైపు చూడకుండా. "గీత ఆపమంటున్నాను. కానీ ఆవిడ చదువుతుంటే మీ చేతులు ఆగుతాయి. మరేం చేయమంటారు?"

సువార్తమ్మగారు పుస్తకం మూసి గొడుగు అందుకుంది. "రేపటి నుంచి రానులెండి," అంది. కంఠంలో ఏ తేడా లేదు. కానీ గొడుగు షెడ్డులోనే తెరిచేసింది.

"కూర్చోండమ్మగారూ," అన్నాడు రామలింగం. గుంటలోంచి లేవకుండానే బసవపున్నయ్యతో అన్నాడు. "ప్రెసిడెంటుగారూ, అదే కథ, అదే చోటు ఆవిడ మళ్ళీ చదువుతారు. నేను చెయ్యి ఆపకుండా నేస్తాను. మీరు పక్కన నుంచుని చూడండి. గీత పడకపోతే చదువు సాగాలి."

"నువ్వొక్కడివి నేస్తే సరిపోతుందా? పన్నెండు మగ్గాలు."

"నేను నేర్పుతాను."

బసవపున్నయ్య ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున అన్నాడు. ఆ మధ్యలో ఒక్కరోజు షెడ్డులో చదువు లేదు. పదింటికి కాఫీ వచ్చింది గానీ, దాని వెనకాల దారిలో ఎవరూ రాలేదు. అసలు ఆ ముసలాయన శ్రుతి చేశాడా లేదా అన్నది ఎవరికీ తెలియదు. నాంచారయ్య కంకిపాడు వెళ్ళి సువార్తమ్మగారి గుమ్మం దగ్గర నుంచుని అడిగి వచ్చాడు. "చివర ఏమైందో చెప్పరట. అది చదివేది గానీ చెప్పేది కాదట," అన్నాడు కోపంగా.

రామలింగం రోజంతా మనసులో ఆ మాట అనుకుంటూ నేసి చూశాడు. వచ్చారు కదా, శ్రుతి చేసి వెళ్ళండి. ప్రతిసారీ చెయ్యి ఆగింది. సువార్తమ్మగారి గొంతు లేకుండానే ఆగింది. తనకి కూతుళ్ళు లేరు, కొడుకులూ లేరు. ఎవరి కోసం ఆగుతోందో తెలియలేదు. చేతిని తిట్టుకున్నాడు.

శుక్రవారం చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుని కూర్చున్న రామలింగం మగ్గం చుట్టూ అందరూ చేరారు. బసవపున్నయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వంగి నుంచున్నాడు. సువార్తమ్మగారు ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చింది. చెరువు, మంచు, దగ్గు, టోపీ. తలుపు తెరుచుకుంది. ఆవిడ ఆ మాట చదివింది. పక్కన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రామలింగం నాడె అటూ ఇటూ పోతూనే ఉంది, ఒక్క దెబ్బ కూడా తేడా రాలేదు. బసవపున్నయ్య బట్టంతా వేలితో తడిమి చూశాడు. గాజులా ఉంది.

"సోమవారం నుంచి చదువుకోండి," అన్నాడు. రామలింగం వీపు మీద ఒక్కటి చరిచాడు. "మీ నాన్న వీరయ్య ఉంటే చూడాల్సింది."

"ఎలా ఆపావు బావా మనసుని?" అన్నాడు నాంచారయ్య, మొదటిసారి వెటకారం లేకుండా.

రామలింగం వినపడనట్టు తువ్వాలు విప్పుకుంటున్నాడు. నాంచారయ్య మళ్ళీ అడిగాడు.

"అభ్యాసం," అన్నాడు రామలింగం.

సువార్తమ్మగారు గుమ్మం దాటుతూ ఆగింది. "రెండోసారి విన్నప్పుడు ఎలా ఉంది రామలింగం?"

"బాగుందండీ."

ఆవిడ అతని మొహం కేసి చూసింది. ముప్పై ఏళ్ళు వెనక బెంచీ పిల్లల్ని చూసిన చూపు అది. గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇంట్లో చాప మీద పడుకుని రామలింగం పొద్దున నేసినంత మేర కోసి తెచ్చిన గుడ్డ కప్పుకున్నాడు. పెంకులు సెగలు కక్కుతున్నాయి. రెండు నిమిషాల్లో చెమట పట్టేసింది. తీసి చూశాడు, మళ్ళీ కప్పుకున్నాడు. అది గుడ్డ. అంతే. గంజి వాసన తప్ప అందులో ఏమీ లేదు.

పద్మావతమ్మ విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. "పొద్దున కండె అందిస్తూ మూడుసార్లు పిలిచాను. పలకలేదు. చెవుల్లో దూది తీశారా, ఇంకా ఉందా?"

అతను లేచి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి రెండు దూది ఉండలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"నేను చెప్పను. సోమవారం పన్నెండు మందీ చెవుల్లో దూది పెట్టుకుంటే టీచరమ్మగారు గోడలకి చదువుతారా?"

గీత లేకపోతే చదువు సాగుతుంది, వినకపోతే గీత ఉండదు, వినని చదువు ఎందుకు? ఎటు తిప్పినా ముడి అక్కడికే వచ్చింది. తన పేరు నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకున్న పేరు ఆ గుడ్డలాగే ఉంది. తప్పులేదు, ఏమీ లేదు.

శనివారం పదిగంటలప్పుడు షెడ్డు ముందు అద్దె కారు ఆగింది. దిగినాయన పట్టంచు కండువాతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. సాంబమూర్తిగారిని అంతకుముందు ఎవరూ చూడలేదు. వాపసు కాగితం కింద సంతకం మాత్రమే తెలుసు. బసవపున్నయ్య కబురందుకుని పరుగున వచ్చాడు, కుర్చీ వేయించాడు, మళ్ళీ గీతలేమైనా వచ్చాయా అన్నట్టు నుంచున్నాడు.

సాంబమూర్తి కూర్చోలేదు. "ఆకుపచ్చ ముడి ఎవరిదండీ?" అన్నాడు.

రామలింగం గుంటలోంచి లేచి నుంచున్నాడు. "నాదేనండీ."

"ఆ చాపు మా అమ్మ దగ్గరుంది. తిరిగివ్వనంటోంది. అది చెప్పిపోదామనే వచ్చాను." అప్పుడు కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు.

తల్లి పేరు వెంకటరావమ్మ. ఎనభై ఏళ్ళు. మధ్యాహ్నం పూట కొట్లోనే కౌంటరు వెనక చాప వేసుకుని పడుకుంటుంది. ఎండకి తాళలేక, వాపసు మూటలోంచి చల్లగా ఉందని ఒక చాపు లాక్కుని కప్పుకుంది. రెండు గంటలు నిద్రపోయింది. లేచి కూర్చుని కొడుకుని పిలిచింది.

"ఏమందో తెలుసా అండీ? 'ఒరే, ఎవరో ముసలాయన మంచులో పడి అంత దూరం వచ్చాడు. వచ్చాడు కదా, శ్రుతి చేసి వెళ్ళమను,' అంది. అని మేడ మీది గది వైపు చూసింది."

మేడ మీది గదిలో వీణ ఉంది. నూజివీడు వీణ. అది సాంబమూర్తి చెల్లెలు బాలత్రిపురసుందరిది. పదహారో ఏట టైఫాయిడుతో పోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ వీణ గుడ్డ చుట్టి గోడకి ఆనించి ఉంది. ఏటా దసరాకి పసుపు బొట్టు పెట్టి మళ్ళీ చుట్టేస్తారు. తీగ ముట్టుకోనివ్వదు ఆవిడ. ఒకసారి మనవరాలు వేలు తగిలిస్తే మూడు రోజులు అన్నం తినలేదు.

"నూజివీడు నుంచి మనిషిని పిలిపించాను. వీణ మెట్ల కింద మైనం ఎప్పుడో కరిగి జారిపోయిందట. మొత్తం మళ్ళీ కట్టాడు. శ్రుతి చేస్తున్నంతసేపూ అమ్మ ఎదురుగా కూర్చుంది, ఆ గుడ్డ భుజాల మీద కప్పుకుని. అంతా అయ్యాక నన్ను అడిగింది: 'తరవాత ఏమైంది రా? ఆ ముసలాయన శ్రుతి చేశాక ఏం జరిగింది?' నాకేం తెలుసు? చాపంతా కప్పుకుని చూసింది, ఆ చివర్నించి ఈ చివరికి. అక్కడికే ఉందట, తరవాత లేదట."

"ఆ గీత దగ్గర ఆగిపోయిందా అండీ?" అన్నాడు నాంచారయ్య మెల్లగా.

"ఆ గీత దగ్గరే ఉందంట అంతా. ఆ గీత గుండె మీదకి వచ్చేట్టు కప్పుకుంటుంది." సాంబమూర్తి అందరి మొహాలూ చూశాడు. "నలభై ఏళ్ళ నుంచి బట్టల కొట్లో కూర్చున్నవాణ్ణి. ఏ గుడ్డలో ఏముందో తెలుసుకోకుండా గీత ఉందని తిప్పి పంపాను. పదకొండూ మళ్ళీ నాకివ్వండి. ఆ కథ మిగతా ముక్క ఉన్న గుడ్డ ఉంటే అదీ ఇవ్వండి."

బసవపున్నయ్య ఉత్సాహంగా శుక్రవారం నేసిన గుడ్డ తెప్పించాడు. సాంబమూర్తి దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. వేలితో నిమిరాడు. చెంపకి ఆనించుకున్నాడు.

"నేత బాగుంది," అన్నాడు మర్యాదగా, మడిచి పక్కన పెట్టాడు. "ఇందులో ఎవరూ లేరు."

రామలింగం మెడలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నేను వినలేదండీ," అన్నాడు. "చెవుల్లో దూది పెట్టుకుని నేశాను. ప్రెసిడెంటుగారూ, మీకు అబద్ధం చెప్పాను. నాంచారయ్యా, నీకూ చెప్పాను. అభ్యాసం లేదు, ఏమీ లేదు. అది వింటే నా చెయ్యి ఆగుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆగుతుంది."

నాంచారయ్య నోరు తెరిచాడు. జీవితంలో ఇంత మంచి అవకాశం అతనికి ఇంకోటి దొరకదు. పద్మావతమ్మ రాట్నం దగ్గర నుంచి అతని కేసి ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

చదువు లేకపోయినా అలవాటు కొద్దీ సువార్తమ్మగారు అప్పుడే గొడుగుతో వచ్చి గుమ్మంలో నుంచుంది. సాంబమూర్తి లేచి నమస్కారం పెట్టాడు. "అమ్మా, కథలు చదివేది మీరేనటగా. కారుంది, ఒక్కసారి మా ఇంటికి వచ్చి ఆ చివరి ముక్క మా అమ్మకి చదివి పెడతారా?"

ఆవిడ జవాబు చెప్పేలోపల రామలింగం మాట్లాడాడు. "ఆవిడ రానక్కర్లేదండీ. మేం నేసి పంపిస్తాం." కాస్త ఆగి, "గీతతో," అన్నాడు.

బసవపున్నయ్య సాంబమూర్తి మొహం చూశాడు. సాంబమూర్తి తలూపాడు.

సోమవారం పన్నెండు మగ్గాల మీదా కొత్త చాపు మొదలైంది. సువార్తమ్మగారు కాఫీ తాగి, ఇత్తడి గ్లాసు పక్కన పెట్టి, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మొదలుపెట్టింది. ముసలాయన పగలంతా కూర్చుని ఒక్కొక్క తీగా సవరిస్తాడు. తల్లి కిటికీ దగ్గర కదలకుండా కూర్చుంటుంది. బయట బండివాడు గుర్రం మీద పడ్డ మంచు దులుపుతుంటాడు. అంతా అయ్యాక ఆవిడ ఏదైనా వాయించమంటుంది. నాకు వాయించడం రాదమ్మా, శ్రుతి చేయడమే వచ్చు అంటాడు ఆయన. అప్పుడు ఆవిడ లేచి వచ్చి, ఎప్పుడూ ఆ పెట్టె ముట్టని మనిషి, ఒక్క వేలితో, కూతురి మొదటి పాఠం వెతుక్కుంటూ మొదలుపెడుతుంది. ముసలాయన టోపీ పెట్టుకోవడం మరిచిపోయి గుమ్మంలో నుంచుంటాడు.

రామలింగం చెయ్యి ఆగింది. ఈసారి దాన్ని తిట్టుకోలేదు. చుట్టూ చూడనూ లేదు. పెంకుల మీద వాన ఎప్పుడాగిందో అతనికి తెలియకపోయినా పన్నెండూ ఆగాయని తెలుసు. గుంటలో కాళ్ళకి మంచు తగిలింది. వేళ్ళు ముడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి తొందరపడకుండా, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగి, అప్పుడు నాడె విసిరాడు.

చాపు కోసి, ఆకుపచ్చ ముడి వేసి, ఆ గుడ్డని తనే బస్సులో తీసుకెళ్ళి సాంబమూర్తిగారి చేతికిచ్చి వచ్చాడు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు.

మళ్ళీ బెజవాడ వెళ్ళింది శ్రావణమాసంలో, సొసైటీ సరుకుతో. కొట్టు కిటకిటలాడుతోంది. సాంబమూర్తి కౌంటరు వెనక నుంచి చెయ్యెత్తి, కూర్చోమని సైగ చేశాడు. రామలింగం మూట పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పైన మేడ మీంచి వీణ వినపడుతోంది. గొప్ప వాయింపేం కాదు. స, రి, గ, మ. చిన్నపిల్లలు మొదట నేర్చుకునే వరస. ఒక్కొక్క స్వరం వెతుక్కుంటూ, గట్టి వేలితో, ముసలి వేలితో. మధ్యలో ఒకచోట ఆగిపోతోంది. కాసేపు ఏమీ లేదు. తరవాత మళ్ళీ అక్కడి నుంచే సాగుతోంది.

రామలింగం తన మోకాలి మీద అరచెయ్యి ఆనించి, ఆ ఆగిన చోటు తగిలినప్పుడల్లా వేలు కదిలించాడు.

పక్కన చీరలు బేరం చేస్తున్న గుడివాడ ఆవిడ పైకి చూసింది. "ఎవరండీ పైన? ఇప్పుడే నేర్చుకుంటున్నట్టున్నారు."

"అవునండీ," అన్నాడు రామలింగం. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "అది మా షెడ్డులో నేసిందే."

ఆవిడ ఓహో అన్నట్టు తలూపి, మళ్ళీ చీర అంచు చూసుకుంది.